గృహవ్యవహారములు: యజమాని రాని సరుకు



వేలముపాట యనునది మన ప్రాంతపు స్త్రీలకు వినని మాట గాదు. పొదిలి వేలము కేంద్రమునుండి తిరిగివచ్చిన రైతు ముఖము జూచియే యానాడు పొగాకు ధర యెట్లు పలికినదో చెప్పగల యిల్లాండ్రు మనలో గలరు. చింతచెట్ల పాట, చెఱువులో చేపల పాట, దేవాలయమున కొబ్బరిచిప్పల పాట యేటేట జరుగుచునే యున్నవి. చీటిపాటలో నెంత తోసి పాడిన నెంత చేతికి వచ్చునో వ్రేళ్లమీద లెక్కగట్టు నేర్పు మన స్త్రీలకు బాగుగనే యున్నది. అయినను సామాను వేలము జరుగుచోటికి మనము పోవుట యరుదు. అది మగవారి పనియనియు, తుక్కు వ్యాపారుల పనియనియు విడిచిపెట్టుచున్నాము.

ఈ నెల మేము వ్రాయదలచినది యట్టి వేలములలో నొక తెగను గూర్చి. సరుకును దాచుకొన్నవారు తిరిగి రాకయో, బాడుగను వడ్డీని చెల్లింపకయో విడిచిన వస్తువులను, వానిని దాచినవారు పాటపెట్టి యమ్ముదురు. ఇట్టి సరుకును గొని నాలుగు రూపాయలు గడింపదలచిన స్త్రీ యెట్లు మొదలుపెట్టవలెను? ఏమి చూడవలెను? ఎచ్చట నాగవలెను? ఈ ప్రశ్నలను విచారించుకొలది మాకొక సంగతి స్పష్టమైనది. కొనువారిని కాపాడు నియమములును, వస్తువు పోగొట్టుకొనువారిని కాపాడు నియమములును వేఱువేఱు గావు. వానిని నేర్చిన యిల్లాలు మోసపోకుండ గొనగలదు. తన సొమ్మును పాటకు పోనీయకుండ నిలుపుకొనను గలదు.

ఈ వ్యాపారము పెద్దయెత్తున సాగుచున్నది అమెరికాలో. అచ్చట 1960 దశకమున టెక్సాసు రాష్ట్రమున మొదలై, సామాను దాచుకొనుటకు చిన్న గదులను నెలబాడుగ కిచ్చు పద్ధతి దేశమంతట వ్యాపించినది. వరుసగా నినుపతలుపుల గదులుండును. బాడుగదారు తన తాళము తాను వేసికొనును. ఇల్లు మారువారు, ఉద్యోగము పోయినవారు, దంపతులు విడిపోయినవారు, తల్లిదండ్రులు గతించిన పిదప వారి సామాను నేమి చేయవలెనో తోచనివారు వాని నాశ్రయింతురు. బాడుగ నిలిచిపోయినచో, ఆయా రాష్ట్రపు చట్టము ననుసరించి నోటీసులిచ్చి, గదిలోని సామానంతయు నొక్క మొత్తముగా వేలము వేయుదురు. వాడుక యేమనగా, పాడువారు గుమ్మమువద్ద నిలిచి లోనికి చూడవచ్చును గాని, అడుగు లోన బెట్టి పెట్టెలను దెఱచి చూడరాదు. ఇప్పుడు ఛాయాచిత్రములను జూచి ఇంటినుండియే పాడు పద్ధతియు వచ్చినది.

2010లో "స్టోరేజి వార్సు" అను టెలివిజను కార్యక్రమము మొదలై యీ వేలములకు గొప్ప ప్రచారము కలిగించినది. చూచువారికి పెట్టెలో నిధి దొరకుటయే జ్ఞాపకముండును. పాతపరుపులను మోసి పాఱవేసిన ఖర్చు జ్ఞాపకముండదు. మన యిండ్ల పిల్లలనేకు లాదేశమున నున్నారు. ఊరు మారునపు డట్టి గదిలో సామాను పెట్టినచో, క్రొత్త చిరునామాను గది యజమానికి తెలుపుమని వారికి మనము చెప్పవలెను. నోటీసు పాతయింటికి బోయిన కారణముచేతనే పెండ్లినాటి చిత్రములు పరులపాలైన నెవరిని నిందింపగలము?

హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములలో నిట్టి గదుల వ్యాపారము మనదేశమునను మొదలైనది. కాని బేస్తవారిపేట, కంభము, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములవారికి యజమాని రాని సరుకు కనబడు తావులు వేఱు. రైల్వే పార్సెలు కొట్టు, రేవులోని గిడ్డంగి, పోలీసు స్టేషను ఆవరణము, బ్యాంకు లాకరు, తాకట్టు సొమ్ముల బీరువా, ఇవియే మన గదులు. ఒక్కొక్కదాని పద్ధతిని క్లుప్తముగా చెప్పెదము.

గుంటూరునుండి నంద్యాలకు బోవు రైలుమార్గము మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరు స్టేషనులమీదుగా సాగుచున్నది. రైలులో పంపిన సరుకును విడిపించుకొనుట కెవరును రానిచో నేమగును? 1989వ సంవత్సరపు రైల్వే చట్టములో 83, 84 సెక్షను లీ సంగతిని చెప్పుచున్నవి. చెడిపోని సరుకైనచో, దానిని తీసికొనిపోవలసినదని 7 దినముల గడువుతో నోటీసు పంపవలెను. ఎవరును రానిచో స్థానిక పత్రికలో ప్రకటించి బహిరంగముగా వేలము వేయవచ్చును. కూలి, బాడుగ, అమ్మకపు ఖర్చులు మినహాయించుకొని, మిగిలినది హక్కుదారున కీయవలెను.

విశాఖపట్టణము వంటి రేవులలో విదేశములనుండి దిగిన సరుకునకు 1962వ సంవత్సరపు కస్టమ్సు చట్టము వర్తించును. దిగిన 30 దినములలోగా విడిపింపనిచో, దిగుమతిదారునకు నోటీసిచ్చి యమ్మవచ్చును. ఇట్టి యమ్మకములలో ననేకములు ప్రభుత్వ సంస్థయగు ఎం.ఎస్.టి.సి. వారి ద్వారా ఆన్‌లైనున జరుగును. ఇచ్చట సరుకు బస్తాలలెక్కను, కంటెయినరులలెక్కను నుండును గనుక, ఇది తొలిసారి పాడువారికి తగిన చోటు గాదు.

పోలీసువారి యావరణములలో తుప్పు పట్టుచున్న ద్విచక్రవాహనముల నందఱము చూచుచున్నాము. యజమాని యెవరో తెలియని సొత్తు విషయమున, 6 నెలలలోగా హక్కుదారులు రావలెనని మేజిస్ట్రేటు ప్రకటన చేయవలెనని 2023వ సంవత్సరపు భారతీయ నాగరిక సురక్షా సంహిత చెప్పుచున్నది. పూర్వపు శిక్షాస్మృతి విధానములోను గడు విట్లే యుండెడిది. హైదరాబాదు, సైబరాబాదు, రాచకొండ పోలీసు కమిషనరేటులవారును పడియున్న బండ్ల జాబితాను ప్రకటించి, 6 నెలల గడువిచ్చి, పిదప వేలము వేసిన సందర్భములు గలవు. ఇచ్చట కొనువారు మొదట నడుగవలసిన ప్రశ్న యొక్కటియే. బండిని రోడ్డుమీద నడుపుటకు పత్రముల నిత్తురా, లేక తుక్కుగానే యమ్ముచున్నారా? రెండింటి ధరకును హస్తిమశకాంతరము గలదు.

బ్యాంకు లాకరునుండి మనము కొనునది సామాన్యముగా నేమియు నుండదు. కాని మనము పోగొట్టుకొనునది యుండవచ్చును. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించి, 2022 జనవరి 1నుండి అమలులోనికి తెచ్చిన నిబంధనల ప్రకారము, వరుసగా 3 సంవత్సరములు బాడుగ చెల్లింపనిచో బ్యాంకువారు పద్ధతి ప్రకారము లాకరును పగులగొట్టవచ్చును. బాడుగ సరిగా చెల్లుచున్నను, 7 సంవత్సరములు దానిని తెఱువక, లాకరుదారు జాడయు తెలియనిచో, లోని వస్తువులను నామినీకిగాని వారసులకుగాని యప్పగించుటకో, బహిరంగ పద్ధతిని వదలించుకొనుటకో వారికి వీలు గలదు. అత్తగారి పేరనున్న లాకరు తాళపుచెవిని పసుపుగుడ్డలో ముడివేసి మఱచిన యిండ్లు లేకపోలేదు. ఏడాది కొకసారియైనను తెఱచి చూడుడు. నామినీ పేరు వ్రాయించుడు.

ఇన్ని చోట్లను కలిపి చూచినచో వానిలో పెక్కింటికి మూడు లక్షణములు సామాన్యముగా గానవచ్చును. మొదటిది, యజమానికి ముందుగా తెలుపుట. రెండవది, వచ్చి విడిపించుకొనుటకు గడువు. మూడవది, అమ్మగా వచ్చిన సొమ్ములో బాకీయు ఖర్చులును పోగా మిగిలినదానిపై యజమానికి హక్కు. వేలము వేయువాడు సరుకునకు ప్రభువు గాడు. తన బాకీ మేరకే దానిపై నధికారము గలవాడు.

ఇది తెల్లదొరల చట్టములతో బుట్టిన న్యాయము గాదు. మనువు చెప్పిన పదునెనిమిది వివాదపదములలో మొదటి మూడు ఋణాదానము, నిక్షేపము, అస్వామివిక్రయము. అప్పు, దాచుటకిచ్చిన సొమ్ము, తనది గానిదాని నమ్ముట యని వాని యర్థము. విజ్ఞానేశ్వరుని మితాక్షర ననుసరించి 13వ శతాబ్దిలో కేతన తెలుగున విజ్ఞానేశ్వరమును రచించెను. ధర్మశాస్త్రమును తెలుగు పద్యములలో చెప్పుకొన్న జాతికి, పరుల సొమ్మును గొనునపుడు పుట్టుపూర్వోత్తరము లడుగవలెనను బుద్ధి క్రొత్తగా నేర్పవలసిన పనిలేదు. శాకుంతలమున చేప కడుపులో దొరకిన యుంగరమును అమ్మబోయిన జాలరి యేమి పాట్లు పడెనో యెఱుగుదుము గదా! వాడు దొంగ గాడు. కాని ఉంగర మెట్లు వచ్చెనన్న, చూపుటకు వానియొద్ద నాధార మేదియు లేదు.

కావున కొనుటకు ముందు పై మూడు లక్షణములను గుఱుతుగా బెట్టుకొనుడు. "ఎవరో విడిచిపోయిన సామాను, చౌకగా నిచ్చెదము, రాత్రికి రండు" అనువానియొద్ద నోటీసును లేదు, గడువును లేదు, రసీదును లేదు. అది వేలము గాదు. దొంగసొత్తని తెలిసియో, తెలిసికొనుటకు తగిన కారణముండియో పుచ్చుకొనుట భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారము నేరము. ఎవరు అమ్ముచున్నారు, ఏ యధికారముచేత, ఏ పత్రికలో ప్రకటించిరి, రసీదు నెవరి పేర నిత్తురు, ఈ నాలుగింటికి సూటిగా జవాబు రానిచోట కూర్చుండనైన కూడదు.

ఇక మొదలిడు విధము. తొలి వేలమునకు డబ్బు తీసికొనక పొండు. ఇద్దఱు కలిసి పోవుట మేలు. ఎవరెవరు పాడుచున్నారు, ఏ సరుకు నే ధరకు వదలిరి, సర్కారువారి పాట యెంతనుండి మొదలైనది, ఎచ్చట నిలిచినది, ఇవన్నియు నొక చిన్న పుస్తకమున వ్రాసికొనుడు. రెండు మూడు వేలములను జూచిన పిదప, ఏ వస్తువులనుగూర్చి మీకు వ్యాపారికంటె నెక్కువ తెలియునో మీకే బోధపడును. ఇత్తడి బిందెకు అడుగున మాటు వేసినదో లేదో మ్రోతనుబట్టి చెప్పగలము. చీర జరీ నిజమైనదో కాదో వ్రేళ్ల సందున నలిపి చెప్పగలము. కుట్టుమిషను చక్రమును త్రిప్పి దాని రోగమును గనిపెట్టగలవా రనేకులున్నారు. అట్టి వస్తువులతోనే మొదలుపెట్టవలెను. మనకు తెలియని యంత్రపు భాగముల జోలికి బోరాదు.

ప్రకటనను మొదటినుండి తుదవఱకు చదువుడు. సరుకును చూచుటకు నిచ్చిన దినమేది? ధరావతు ఎంత? పాట గెలువనివారికి దాని నెన్నాళ్లకు తిరిగి యిత్తురు? గెలిచినవారు మిగిలిన సొమ్మును ఎన్ని దినములలో కట్టవలెను? ఎన్ని దినములలో సరుకు నెత్తవలెను? ఎత్తనిచో దినబాడుగ గలదా? జి.ఎస్.టి. పాటలో కలిసియున్నదా, పైన చెల్లింపవలెనా? "ఉన్నది ఉన్నట్లు, ఉన్నచోట" అను మాట యుండునా? ఉన్నచో, ఇంటికి తెచ్చిన పిదప పగులు కనబడినదని మొఱపెట్టినను విను దిక్కు లేదు. చూచుటకు నిచ్చిన దినమున చూడక, పాటదినమున పాడువారు కండ్లు మూసికొని నడచువారితో సమానము.

ప్రకటన నెట్లు చదువవలెనో నేర్చుకొనుటకు తిరుమల తిరుపతి దేవస్థానమువారి వేలములు మంచి పాఠములు. అది విడిచిన సరుకు గాదు, భక్తులు సమర్పించినది. హుండీలో వచ్చిన చేతిగడియారములను, సెల్‌ఫోనులను లాట్లుగా గట్టి ఆన్‌లైనున అమ్ముచుందురు. క్రొత్తవి, వాడినవి, కొంత పాడైనవి యని ప్రకటనలోనే చెప్పుదురు. ఈ మూడు మాటలలో నేది వ్రాసియున్నదను దానిపై ధర యంతయు నాధారపడియున్నది.

ఇప్పుడు లెక్క. ఒక లాటులో పాత్రలు, ట్రంకుపెట్టెలు, రెండు కుర్చీలు నున్నవనుకొందము. విడివిడిగా నమ్మినచో రూ. 10,000 వచ్చునని మనకు తోచినది. అందులో నాల్గవవంతు పాడుసరుకుగా పోవునని మొదటనే రూ. 2,500 తీసివేయవలెను. మిగిలినది 7,500. బండి బాడుగకును, కూలికిని 900, శుభ్రమునకును, మాటులకును 600 తీసివేయగా 6,000. మన శ్రమకును లాభమునకును 1,500 ఉంచుకొన్నచో 4,500 నిలుచును. పన్ను నూటికి 18 వంతున పైన కట్టవలసియున్నచో, రూ. 3,800 పాటకు పన్నుతో గూడ రూ. 4,484 అగును. కావున 3,800 మన పొలిమేర. ఈ యంకెను ఇంటిలోనే కాగితముమీద వ్రాసి, కొంగున ముడివేసికొని పోవలెను. పాటలో కూర్చుండి లెక్కవేయువారికి లెక్క కుదరదు.

ఏలయన, పాటకు వేడిమి గలదు. హైదరాబాదు దాపుననున్న బాలాపూరులో వినాయకుని లడ్డు 1994లో రూ. 450 పలికినది; 2024లో రూ. 30,01,000 పలికినది. అది భక్తితో పాడిన పాట, అచ్చట లడ్డు విలువతో నిమిత్తము లేదు. సామాను వేలములో భక్తి లేదు; కాని పంతము వచ్చి కూర్చుండును. "ఆమె పాడగా నేను తగ్గుదునా" అను తలపు వచ్చినచో నది వ్యాపారము గాక జూదమగును. ధర్మరాజంతటివానికి ఇంకొక్క పందెమను మాట యేమి చేసినదో మనకు తెలియును. పొలిమేర దాటినచో లేచి వచ్చుటయే గెలుపు. ఆనాడు వట్టిచేతులతో వచ్చిన స్త్రీ ఓడినది గాదు.

పాట నియమములను 1930వ సంవత్సరపు సరుకుల అమ్మకపు చట్టము 64వ సెక్షనులో చెప్పియున్నారు. సుత్తి పడువఱకు, లేక మూడవసారి యని కొట్టివేయువఱకు, అమ్మకము పూర్తికాలేదు. అంతవఱకు పాడినవారు తమ పాటను వెనుకకు దీసికొనవచ్చును. కాని ఆ మూడవమాట పలికిన పిదప వెనుదీయరాదు. ఒక్కొక్క లాటు ఒక్కొక్క ప్రత్యేకపు ఒప్పందము. అమ్మువాడు తాను కూడ పాడుదునని ముందుగా తెలుపకుండ, తన మనుష్యులచేత దొంగపాట పాడించి ధర పెంచినచో, కొన్నవా రా యమ్మకమును రద్దు పఱచుకొనవచ్చును. ఆన్‌లైను వేలములలో వెనుదీసినచో ధరావతు పోవునను షరతు ముందే యుండుట కలదు, దానిని చదివికొనుడు.

డబ్బు విషయమున రెండు మాటలు. ఒకే వ్యవహారమున రూ. 2,00,000గాని అంతకు మించిగాని నగదుగా పుచ్చుకొనుటను 2017 ఏప్రిలు 1నుండి ఆదాయపుపన్ను చట్టము నిషేధించినది. అంత మొత్తమును నగదుగా దెమ్మనువానిని నమ్మరాదు. సెల్‌ఫోనునకు వచ్చిన లంకెను నొక్కి ధరావతు పంపుమనువారిని అసలే నమ్మరాదు. పత్రికాప్రకటనలో వ్రాసిన కార్యాలయమునకు స్వయముగా బోయి, లేదా అందులోని సంఖ్యకు మాటలాడి, నిజము తెలిసికొన్న పిదపనే సొమ్ము చెల్లింపవలెను.

సరుకు ఇంటికి చేరిన పిదప మొదట చేయవలసినది యమ్మకము గాదు, ఏఱుట. పెట్టెల యడుగున వేసిన కాగితములను, పుస్తకముల పుటలను, బీరువా సొరుగులను నెమ్మదిగా చూడుడు. పదవతరగతి సర్టిఫికెటు, భూమి పాసుపుస్తకము, చనిపోయినవారి చిత్రపటము, పురిటినాటి యాసుపత్రి చీటి, ఇట్టివి దొరకవచ్చును. మనకు వీని వెల చిత్తుకాగితపు వెల. పోగొట్టుకొన్నవారి కవి లేనిచో నొక బిడ్డ యుద్యోగము నిలిచిపోవచ్చును. మా యింట పాఠశాల వ్యవహారము దినదినమును మాటలలో నుండును గనుక, నకలు సర్టిఫికెటుకై తిరుగు తండ్రుల యవస్థ మాకు బాగుగ తెలియును. అమెరికా గదుల వేలములలో కూడ నిట్టి పత్రములను, చిత్రములను గది యజమానికి తిరిగి యప్పగింపవలెనను షరతు తఱచుగా నుండును. మనమును వేలము వేసిన కార్యాలయమున వాని నిచ్చి, ఇచ్చినట్లు వ్రాయించుకొనవలెను. పాటలో మనము కొన్నది సామాను. ఒకరి బ్రదుకును గాదు.

ఇక తాకట్టు బంగారము. మన ప్రాంతమున వాన తప్పిన సంవత్సరమున మొదట బ్యాంకు మెట్టెక్కునది ఆడుదాని మెడలోని గొలుసే. తిరిగి రానిచో వేలమున కెక్కునదియు నదియే. కొనదలచినవారికి మేము చెప్పునది యేమనగా, ఇది తొలిమెట్టు గాదు. రాళ్ల తూకము, తరుగు, నాణ్యము నెఱిగిన వ్యాపారు లచ్చట పాడుదురు. పాతనగలపై హాల్‌మార్కు ముద్ర యుండకపోవచ్చును. బంగారముపై నూటికి 3 వంతున జి.ఎస్.టి. కలిసిన పిదప దుకాణపు ధరకును దానికిని భేదము మిగులకపోవచ్చును. కాని ఈ వేలపు నియమములను ప్రతి యిల్లాలును నేర్చియే తీరవలెను. ఏలయన పాటలోని వస్తువు తనదే కావచ్చును.

1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 176వ సెక్షను ప్రకారము తాకట్టు పట్టినవాడు తగిన నోటీసు నిచ్చియే సొమ్ము నమ్మవలెను. బాకీకి మించి వచ్చినదానిని సొమ్ముదారునకు తిరిగి యీయవలెను. 177వ సెక్షను ప్రకారము, గడువు దాటినను, అమ్మకము నిజముగా జరుగువఱకు బాకీయు, ఆలస్యమువలన కలిగిన ఖర్చులును చెల్లించి విడిపించుకొను హక్కు గలదు. వీనికి తోడు, బ్యాంకులకును బంగారపు ఋణసంస్థలకును రిజర్వు బ్యాంకు 2025 జూను 6న నూతన నిబంధనలను ప్రకటించినది. 2026 ఏప్రిలు 1 నాటికి వానిని పాటింపవలెనని గడువు పెట్టినది. నాణ్యమును, తూకమును ఋణము దీసికొనువారి యెదుటనే చూడవలెను. షరతులను వారికి తెలిసిన భాషలో చెప్పవలెను. చదువురానివారికి సాక్షి యెదుట వివరింపవలెను. వేలమునకు ముందు నోటీసిచ్చి, రెండు పత్రికలలో, అందొకటి ప్రాంతీయభాషా పత్రికయై యుండునట్లు, ప్రకటింపవలెను. మొదటి పాట ధరను నగ యప్పటి విలువలో నూటికి 90 వంతులకు తగ్గింపరాదు. రెండు పాటలు విఫలమైననే 85 వంతులకు దిగవచ్చును. మిగులు సొమ్మును, పూర్తి మొత్తము చేతికి వచ్చిన 7 పనిదినములలోగా తిరిగి యీయవలెను.

ఉదాహరణకు, నగ విలువ రూ. 1,00,000, వడ్డీతోను ఖర్చులతోను బాకీ రూ. 72,000 అనుకొందము. మొదటి పాట 90,000కు తగ్గదు. అనగా 90,000కే పోయినను రూ. 18,000 సొమ్ముదారునిది. "గొలుసు పాటలో పోయినది" అని కన్నీరు తుడుచుకొని యూరకుండు స్త్రీ, పోయిన గొలుసుతోపాటు ఈ 18,000లను కూడ విడిచిపెట్టుచున్నది. లెక్క కాగితము నిమ్మని యడుగుట జగడము గాదు, హక్కు.

మా యెఱిగిన యొక యిల్లాలి సంగతి చెప్పెదము; పేరుతో పనిలేదు. పెనిమిటి కూలిపనికై బెంగుళూరు పోయెను. గొలుసు తాకట్టుచీటిలో పాతయింటి చిరునామా యుండెను. నోటీసు లాయింటికి బోయి యచ్చటనే యాగిపోయినవి. ఒకనాడు పత్రికలో అణువణువుగా నచ్చొత్తిన వేలపు ప్రకటనలో తమ చీటి సంఖ్యను ఆమె కొమార్తె గనిపెట్టెను. పాట కింకను రెండు దినములున్నవి. డ్వాక్రా సంఘములో నప్పు దీసికొని పోగా, "పేరు పాటకు బోయినది, ఇక వీలుగాదు" అని గుమాస్తా చెప్పెను. "పేరు పోయినది గాని గొలుసు పోలేదు గదయ్యా! పాట జరిగిన పిదప గదా మీరు నాకు లేదనవలసినది" అని యామె యచ్చటనే కూర్చుండెను. పై యధికారి వచ్చి పుస్తకము జూచి, సొమ్ము కట్టించుకొని గొలుసు నిచ్చెను. ఆమె 177వ సెక్షను పేరును వినలేదు. న్యాయ మెచ్చట నుండవలెనో యెఱుగును. మనము పేరును కూడ నెఱిగియుందము.

కొనువారముగా మనకు కావలసినవి నోటీసు, గడువు, రసీదు, హద్దు. సొమ్ముదారులముగా కావలసినవి నోటీసు, గడువు, లెక్క, మిగులు. ఒక దానిని నేర్చినచో రెండవది తనంత వచ్చును. కావున వేలమునకు బయలుదేరుటకు ముందు మీ బీరువాలోని తాకట్టుచీటిని, లాకరు కాగితమును వెలికిదీసి, వానిమీది తేదీని, చిరునామాను, నామినీ పేరును చూచుకొనుడు. అవి సరిగా నున్నచో, చిన్న పుస్తకమును, వ్రాసికొన్న యంకెను, తోడునకొక నెచ్చెలిని వెంటబెట్టుకొని పాటకు పోవుదురు గాక.